నేను లేస్తే ఆగిపోయే ప్రోగ్రాం

ఆ రోజుల్ల నల్గొండల కంప్యూటరు ముంగట కూసున్నోనికి మర్యాద జర ఎక్కువనే దొరికేది. చెప్పులు బయట ఇడిసి ఏసీ రూముల అడుగువెట్టాలె (ఏసీ కంప్యూటరుకే, మాకు కాదు). బట్టల దుకాణం మీది అంతస్తుల మా ఆఫీసు. చేనేత సంఘాలకు సాఫ్ట్‌వేర్ రాసేటోళ్లం నలుగురం. ఒకడు ఒక లైను మారిస్తే ఇంకొకనిది చెడిపోయేది, రోజూ గదే లొల్లి. అందుకని పక్క రూముల ఉన్న లినక్సు సర్వరు మీద (అసలు కంప్యూటరు అదే, మా టేబుళ్ల మీద ఉన్నయి దానికి వైరుతోని కలిపిన స్క్రీన్లు, కీబోర్డులే) నేనొక కావలి ప్రోగ్రాం పెట్టిన. ఎవరు కోడు మార్చినా అదే చూసుకొని, అంతా మళ్ల కంపైలు చేసి, పరీక్షించి, తప్పుంటే బీప్ కొట్టాలె.

నేను కుర్చీల ఉన్నంతసేపు అది బంగారం. చాయ్‌కి పోయొస్తే స్క్రీను ఆరి, అది సచ్చి పడి ఉండేది. ఎంత వెతికినా తప్పు దొరకలే. (నేను లేనిదే అది నడవదని లోలోపల జర గర్వం గూడ ఉండె, అబద్ధమెందుకు.) శుక్రవారం తిరుమలగిరిల నాకు పిల్లను చూసుడు. పోయినసారి పనుందని నేను పోక ఒక సంబంధం తప్పింది. "ఈసారి గూడ రాకుంటె గా డబ్బాతోనే సంసారం జేసుకో బిడ్డా" అన్నడు బాపు. అదే దినం సంఘపోళ్లు ప్రోగ్రాం చూడవస్తున్నరు. సెలవడిగితే మా సారు, "నువ్వు లేకుండ నడిస్తె పో. నడవకుంటె ఈడ్నే కూసో" అన్నడు.

శుక్రవారం పొద్దున ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిన. ప్రోగ్రాం మొదలువెట్టి, లేచి, తలుపు దాంక పోయి చూసిన. నడుస్తనే ఉంది. మెట్ల దాంక పోయిన గని అనుమానం తీరలే. మళ్ల తిరిగొచ్చి తలుపు సందుల నుంచి తొంగి చూసిన. మా సారు మెల్లగ నా టేబులు కాడికి వచ్చి, నా స్క్రీను టక్కున బందు చేసిండు.

"సారూ, గదేంది?"

"నువ్వు లేవు గద. కరెంటు ఊరికె కాలుతాంది."

"రోజూ మీరేనా బందు చేసేది?"

"మరెవ్వరు చేస్తరు? మీకెవరికన్న సోయి ఉందా?"

నాకు ఏడ్పొచ్చింది, నవ్వొచ్చింది. స్క్రీను ఆరితే వైరు తెగినట్టే, నేను ఇంటికి పోయిననుకొని సర్వరు నా పనులన్నీ ఆపేసేది. నేను పోయినా ఇది ఆగొద్దని సర్వరుకు చెప్పే చిన్న మాటొకటుంది. స్క్రీను వేసి, ప్రోగ్రాంకు దాన్ని తగిలించి మళ్ల మొదలువెట్టిన. "ఇగ బందు చెయ్యండి సారూ" అన్న. సారు స్క్రీను ఆర్పిండు. దోస్తు ఒకడు కావాలని ఒక తప్పు లైను రాసిండు. అందరం పక్క రూము దిక్కు చెవులు పెట్టినం. ఎంతకూ చప్పుడు లేదు. తిరుమలగిరి బస్సు పోయినట్టే అనుకున్న. అప్పుడు పక్క రూములకెళ్లి బీప్ మోగింది. "ఇంకా ఈడ్నే ఉన్నవా, పో" అన్నడు సారు.

కదులుతున్న బస్సెక్కి, చెమటల తడిసిన అంగీతోని ఆలస్యంగనే పోయిన. పిల్ల నన్ను చూసి తల వంచుకొని నవ్వింది.

ఇప్పుడు గసొంటి ప్రోగ్రాములు కాపలా లేకుండ ఎక్కడెక్కడనో నడుస్తున్నయి, ఎవ్వలు లేచినా వాటికి ఫికర్ లేదు. ఇంట్ల నేను కుర్చీల నుంచి లేస్తే మా ఆమె (గా పిల్లే) వెనకనే వచ్చి ఫ్యాను బందు చేస్తది. ఫ్యాను మెల్లగ ఆగుతుంటే, తను లేస్తే లోకమే ఆగుతదని నమ్మిన గా పోరడు యాదికొస్తడు. వాడంటే నాకు ఇప్పటికీ ముద్దే.