రాకుమారి ఎడమ భుజం

పేపరులో రాకుమారి ఫొటో పడితే చాలు, టైలరమ్మ చూపు ముందు ఆవిడ ఎడమ భుజం మీదికి పోతుంది. అది తీర్చినట్టు సమంగా కనబడేసరికి ఒళ్లు మండుతుంది. నలభై అయిదేళ్లొచ్చినా ఆ కడుపుమంట చల్లారలేదు. ఆమె తండ్రీ దర్జీయే. రాజుగారి మాట వినబడితే తొక్కుతున్న మిషను ఆపి లేచి నిలబడే మనిషి. ఏటా రాకుమారి పుట్టినరోజుకి పట్టుగౌను కుట్టి కోటకు పంపేవాడు. రాకుమారిదీ తన కూతురిదీ ఒకటే ఈడు కనుక కొలతకు ఈ పిల్లనే స్టూలెక్కించేవాడు. కూతురికి మాత్రం మిగిలిన ముక్కల అతుకుల గౌను. గుండుసూది గుచ్చుకుని పిల్ల "అబ్బా" అంటే, "కదలకే, రాకుమారిగారి గౌను నలుగుతుంది" అనేవాడు.

పిల్ల ఎనిమిదో ఏట కోట నుంచి మొదటిసారి జాబొచ్చింది. తండ్రి చేతులు కడుక్కుని మరీ విప్పాడు. గౌను బాగుందట, ఎడమ భుజం మాత్రం జారుతోందట. "చూశావటే, వేసుకున్నారు!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. తప్పు పట్టిన మాట ఆయన చెవికెక్కనేలేదు. పిల్ల అద్దం ముందుకెళ్లి నిలబడింది. తన ఎడమ భుజం పుట్టుకతోనే వేలెడు కిందికుంది. మరుసటేడూ ఆయన గౌను అలాగే కత్తిరిస్తుంటే ఉండబట్టలేక అడిగింది.

"నాన్నా, ఆ భుజం సరిచెయ్యవా?"

ఆయన కత్తెర ఆపి, ఆమె ఎడమ భుజాన్ని ఓసారి తడిమి చూశాడు.

"ఏం సరిచెయ్యాలే? భుజమంటే ఇలాగేగా ఉండేది!"