కనురెప్ప చెప్పిన వెచ్చదనం

నా చిన్నప్పుడు, గోపన్‌పల్లి పక్కన యూనివర్సిటీ గోడ ఇంకా లేవని రోజుల్లో, నా మతిమరుపు వల్ల ఒక కోడి పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో. రాయడం నాకు రాదు కనుక మా మనవరాలు రాస్తోంది, నేను చెప్తున్నాను.

గుడ్లు పొదుగుతున్న కోడిని పొద్దున మేతకు వదిలి, అది తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చోగానే గంప మూయడం నా పని. ఆ రోజు గచ్చకాయల ఆటలో పడి మరిచిపోయాను. జంగపిల్లి కోడిని ఎత్తుకుపోయింది. ఈకలు మిగిలాయి, పదకొండు గుడ్లు మిగిలాయి. దెబ్బలు తప్పవనుకుని తలుపు చాటున నిలబడ్డాను. మా నాయనమ్మ ఒక్క దెబ్బ కూడా వేయలేదు. గుడ్లను ఒడిలో పెట్టుకుని వేళ్ల మీద లెక్క వేసింది.

"పదిహేడు దినాలైనయి. ఇంక నాలుగు దినాలు. కోడి పోయింది గని కోడి పని పోలే. ఇగ నువ్వు చెయ్యి."

గంపలో గడ్డి పరిచి, నడుమ వేడినీళ్ల ముంతకు పాత చీర చుట్టి పెట్టింది. దాని చుట్టూ గుడ్లు, పైన గొంగడి. చల్లబడితే ముంతలో నీళ్లు మార్చాలి, వేడెక్కితే గొంగడి అంచు ఎత్తాలి. పగలు నా వంతు, రాత్రి ఆమె వంతు. ఆ పదకొండు ప్రాణాలూ నా చేతిలో ఉన్నాయని నాకు అన్నం కూడా సయించలేదు.

మొదటి రోజే చెడగొట్టాను. వాన గాలిలో గిన్నెలు తోమి వచ్చి గుడ్డు పట్టుకుంటే మొద్దుబారిన వేళ్లకు వెచ్చదనమే తెలియలేదు. మసిలే నీళ్లు పోశాను. మళ్లీ పోయి గిన్నెలు కడిగి వచ్చి పట్టుకున్నాను, అప్పుడూ వెచ్చగా తగల్లేదు. మళ్లీ పోశాను. నాయనమ్మ వచ్చి ఒక గుడ్డు తీసి తన కనురెప్పకు ఆనించుకుని, ఆ వేడికి ఉలిక్కిపడింది. నేను భయపడి గొంగడి మొత్తం లాగేశాను. కాసేపటికి గుడ్లు నిజంగానే చల్లబడ్డాయి. మళ్లీ ముంత కోసం పరుగెత్తాను.

పక్కింటి అత్త గోడ మీది నుంచి చూసి, "ఏమే, కోడివి నువ్వేనా? కొక్కొక్కో అనవే జర!" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నాయనమ్మ నా చేతిలోంచి ముంత తీసుకుంది. "నీ చేతికి చలి పెడితే గుడ్లను ఉడకబెడ్తవా? చన్నీళ్లల్ల నాని మొద్దుబారిన చెయ్యి అబద్ధం చెప్తది. రెప్పతోని చూడు. జరంత చెయ్యి, ఆగు, చూడు. ముంతల వేడి గుడ్డుదాంక పోవద్దా?"

అప్పటి నుంచి అలాగే చేశాను. కొంచెం నీళ్లు మార్చి, గుమ్మంలో కూర్చుని ఒక పాట మొత్తం పాడుకుని, అప్పుడు గుడ్డు రెప్పకు ఆనించేదాన్ని. గాలి లేస్తే గొంగడి దగ్గరికి లాగేదాన్ని, ఎండ వస్తే కాస్త సడలించేదాన్ని. మూడో రోజు ఆనించిన గుడ్డు లోపల ఏదో కదిలింది. చిన్నగా కీచుమంది. ఆ సవ్వడి నా కంటి లోపలే వినిపించినట్టయింది. నాలుగు గుడ్లు పాడయ్యాయి, నా మొదటి రోజు పుణ్యమే అది. ఏడు పిల్లలు బయటికొచ్చి నా పావడా అంచు పట్టుకుని తిరిగాయి. వాటికి తల్లిని నేనే.

మా ఆయన పోయాక, ఈ మధ్యనే మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడ ఒక హాల్లో అందరూ చలికి వణికేవాళ్లు. ఏసీలు చూసే కోస్తా అబ్బాయి తల పట్టుకున్నాడు. "ఏం చేయనమ్మా, మనుషులేమో ఐసులా ఉందంటారు, గోడ మీద మీటరేమో ఉక్కగా ఉందని ఏసీని ఇంకా పెంచుతుంది!"

"అదేం చేస్తది బిడ్డా, దాని కిందనే చాయ్ మిషను పెట్టిన్రు. పొద్దంత ఆవిరి తాగి, హాలంత గిట్లనే ఉన్నదనుకుంటున్నది."

అతను వెళ్లి చూశాడు. మీటరు జరిపించాడు. తను చేసిన పనిని తనే చూసుకుని దిద్దుకోవడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారనీ, అది నేర్చుకోవడానికి తనకు నాలుగేళ్ల చదువు పట్టిందనీ చెప్పాడు. "నాకు నాలుగు దినాలే పట్టింది బిడ్డా," అన్నాను. రాస్తున్న మనవరాలు ఇప్పుడు నవ్వుతోంది, కానీ అన్నాను.

ఈ పిల్లకే ఒళ్లు వెచ్చబడితే నేను చెయ్యి పెట్టి చూడను. గిన్నెలు తోమిన చెయ్యి, దాన్ని నమ్మను. కళ్లు మూసుకుని, వంగి, నా రెప్పను దాని నుదుటికి ఆనిస్తాను. తడిగుడ్డ వేసి, ఒక పాట అయ్యేదాకా ఆగి, మళ్లీ ఆనిస్తాను.