కల్లంలో చీర

వదిన సంవత్సరీకానికి ఫ్లెక్సీ వేయించాలని, మంచి ఫొటో ఒకటి పంపమని మా అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను చీరలు మడతపెడుతున్నాను. వాళ్లింట్లో ఉన్నది ఆధార్ కార్డు ఫొటోను పెద్దది చేయించిన పటం ఒక్కటే. అందులో మా వదిన, చేయని తప్పుకు పోలీస్ స్టేషన్‌కు వచ్చిన మనిషిలా ఉంటుంది. పెద్దకర్మకు ఆ ఫొటోకే దండ వేశాం. ఈసారి అది వద్దంటాడు అన్నయ్య.

"కల్లంలో నువ్వొక ఫొటో తీశావంటగా. నవ్వుతా ఉందంట గదా అందులో. నేనెప్పుడూ చూళ్లా. అది పంపమ్మాయ్," అన్నాడు.

వెతికి పంపుతానన్నాను. వెతకడానికి ఏమీ లేదని నాకు తెలుసు. ఆ ఫొటోను నా చేత్తో నేనే తీసేశాను.

నేను నరసరావుపేటలో ఉంటాను. వాట్సాప్‌లో చీరలు అమ్ముతాను. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. వేసవి సెలవుల్లో జీతం సగమే వస్తుంది, ఈఎంఐ మాత్రం నిండుగా వస్తుంది. ఆ సగానికీ ఈ నిండుకూ మధ్య పడి నలగలేక ఈ పని మొదలుపెట్టాను. హోల్‌సేల్ కొట్టువాళ్లు నమ్మకం మీద చీరలిస్తారు. ఫొటో తీసి స్టేటస్‌లో పెడతాను. అమ్ముడుపోతే డబ్బు కడతాను, లేకపోతే మడత చెడకుండా తిరిగి ఇచ్చేస్తాను. నాకు కొట్టూ లేదు, బోర్డూ లేదు. ఉన్నదంతా ఆ స్టేటసే. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోవడం కన్నా ముందు, నిన్నటి చీర ఎంతమంది చూశారో చూసుకునేదాన్ని.

చీరతో పాటు నా బతుకును కూడా అందులో ఆరేసేదాన్ని. గ్యాస్ అయిపోయి పక్కింటి అత్తను సిలిండర్ బదులడిగిన రోజు కూడా నా స్టేటస్‌లో జరీ అంచు తళతళలాడుతూనే ఉంది. దానికేం, బాగా సంపాదిస్తోంది అని చుట్టాలు అనుకునేవాళ్లు. అలా అనుకోవాలనే పెట్టేదాన్ని, అబద్ధమెందుకు. పైన పటారం, లోన లొటారం. ఊరంతా చూసే నా స్టేటస్‌ను చూడనిది మా అన్నయ్య ఒక్కడే. అప్పట్లో ఆయనది బటన్ల ఫోన్.

అన్నయ్య మాచవరం దగ్గర పొలం కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. ఆ ఫొటో తీసిన ఏడాది చుట్టుపక్కల చేలన్నీ నల్లి పురుగు పట్టి పోయాయి. ఎలా తప్పిందో గానీ అన్నయ్య చేను తప్పింది. మా వైపు రైతు తనకెంత పండిందో నోరు తెరిచి చెప్పడు. దిష్టి అంటారు గానీ, అసలు భయం దిష్టిది కాదు, అప్పులవాడిది. నారు పోసిన దగ్గర్నుంచి పురుగుమందులన్నీ పిడుగురాళ్లలో ఒకే కొట్టులో అరువుకు తెచ్చాడు. ఆ కొట్టాయనతో, నా చేను కూడా నల్లి తినేసిందయ్యా, ఉగాది దాకా ఆగు అని చెప్పాడు. కాయలు ఎండబెట్టి, కోల్డ్ స్టోరేజీలో వేసి, ధర వచ్చాక అమ్ముదామని ఆయన లెక్క. అప్పు తీరిపోయి, వచ్చే ఏటి కౌలుకు సరిపోను మిగులుతుంది. ఈ కాయ ఒక్కటి నిలబడితే ఇంకో ఏడు రైతుగా ఉంటానమ్మా అని నాతో అన్నాడు. అంటే ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేదు నాకు.

కాయ కల్లంలో ఎండుతున్నప్పుడు ఒకరోజు, అన్నయ్య వాళ్ల ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చీరలు చూస్తామంటే సంచి నిండా సర్దుకుని వెళ్లాను. అన్నయ్య గోతాల కోసం గురజాల పోయాడు. వదిన కల్లంలో ఉందంటే అటు నడిచాను. ఇద్దరు కూలీలతో కూర్చుని తెల్లబడిన తాలుకాయలు ఏరుతోంది. చీర మీద అన్నయ్య పాత ఫుల్‌చేతుల చొక్కా, తలకు తువ్వాలు. ఆమె వెనక మనిషి ఎత్తున మంచి కాయల కుప్ప. ఆ ఎరుపు చూసి నా గుండె నిండిందని రాస్తే బాగుంటుంది. కానీ ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది సంచిలో ఉన్న మిరపపండు రంగు చీర.

చొక్కా విప్పించి ఆ చీరను ఆమె భుజాన వేశాను. హ్యాంగర్‌కు తగిలించిన చీర కన్నా మనిషి మీదున్న చీరకే గిరాకీ ఎక్కువ.

"ఏందమ్మాయ్, ఈ ఘాట్లో నాకు పట్టుచీరా? చూసినోళ్లు నవ్వుతారు," అంది వదిన.

అంటూనే రెండు చేతులూ కట్టుకున్న చీరకు తుడుచుకుంది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అప్పుడు గానీ కొత్తచీర మీద చెయ్యి వేయలేదు. సరిగ్గా ఫొటో తీయబోతుంటే తుమ్మింది. కూలీలు నవ్వారు. వదిన కూడా పెదవులు బిగబట్టుకోలేక ఒక్కసారిగా నవ్వేసింది. అప్పుడు నొక్కాను.

ఎంత ఈ చీర అని అడిగింది. చెప్పాను. అబ్బో అంది. అంచును ఒకసారి వేళ్లతో నిమిరి, తనే భుజం మీద నుంచి తీసి, కొట్టువాళ్లు వేసిన మడతమీదనే మడత పడేట్టు జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది. ఒకసారి కట్టుకున్నట్టేలే అంది. ఇది నీకే వదినా అనే మాట నా నోటిదాకా వచ్చింది. రాలేదంటే పాపం. ఆ నెల కట్టాల్సినవి గుర్తొచ్చి ఆ మాటను మింగి, చీర సంచిలో పెట్టుకున్నాను.

కల్లం గట్టు మీద నిలబడే స్టేటస్ పెట్టాను. మిరపపండు రంగు, పచ్చ అంచు, ఒక్కటే పీసు. నా ఆటో పిడుగురాళ్ల చేరేలోపలే నాక్కావాలంటే నాక్కావాలని మెసేజీలు వచ్చాయి. అందరికన్నా ముందు అడిగింది పురుగుమందుల కొట్టాయన భార్య. ఆవిడను నాకు ఖాతాదారుగా తెచ్చింది కూడా మా వదినే. అన్నయ్య ఇంకొంచెం అరువు కోసం కొట్టు ముందు బతిమాలుతూ కూర్చుంటే, వదిన లోపలికి పోయి ఆవిడతో మాటలు కలిపి, మా ఆడపడుచు చీరలమ్ముతుందని నా నంబరు ఇచ్చింది. ముందు అడిగింది ఆవిడే కాబట్టి, పిడుగురాళ్లలో దిగి ఆవిడ ఇంటికి వెళ్లి మరీ ఇచ్చేసి, డబ్బు తీసుకుని బస్సెక్కాను. ఆ రోజు బస్సులో ఎంత సంతోషంగా కూర్చున్నానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఆవిడ తప్పేమీ లేదు. సాయంత్రం మొగుడు ఇంటికొస్తే, ఈ చీర కొన్నాను, కల్లంలో ఫొటో ఎంత బాగా తీశారో చూడండని ఫోన్ చూపించింది. ఆవిడ చూపించింది చీర. ఆయన చూసింది వెనకున్న కాయలు.

తెల్లారేసరికి వ్యాను వేసుకుని కల్లానికి వచ్చాడట. నల్లి తిన్న చేలో ఇంత కాయ ఎక్కడిదయ్యా, మీ చెల్లెలే స్టేటస్‌లో పెట్టింది గదా అన్నాడట. ఆ మాట ఊళ్లో పాకి మిగతా అప్పులవాళ్లు కూడా కల్లంలో చేరారు. అన్నయ్య అరవలేదట, తలెత్తలేదట. అబద్ధం బయటపడిన మనిషి ఏమంటాడు? ఆ రోజు ధరకే, వాళ్లు వేసిన తూకానికే కాయలన్నీ అక్కడినుంచే వెళ్లిపోయాయి. కాయలు పోయాక నెలకో ఎప్పటికో ధర లేచింది. కోల్డ్ స్టోరేజీలో వేసుకున్నవాళ్లు నాలుగు డబ్బులు కళ్లచూశారు. అన్నయ్య దగ్గర కౌలు కట్టడానికి లేకపోయేసరికి పొలం వేరేవాళ్లకు పోయింది. ఆయన గురజాల పక్కన పత్తి మిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు.

సంగతి తెలిసిన మధ్యాహ్నమే స్టేటస్ తీసేశాను, ఫొటో తీసేశాను, కొట్టాయన భార్యతో మాట్లాడినవన్నీ చెరిపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అన్నయ్య ఫోన్ చేసి తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. వదినే చేసింది.

"నువ్వేం మనసులో పెట్టుకోబాకమ్మాయ్. ఎప్పటికైనా ఇయ్యాల్సిన డబ్బులే గదా," అంది. ఆ చీర అమ్ముడుపోయిందా అని కూడా అడిగింది. పోయిందని చెప్పాను.

పోయిన వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. పట్నం ఆసుపత్రి అంటే డబ్బుకు జంకి ఊళ్లో ఇంజెక్షన్లతో సరిపెట్టుకున్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయాక గుంటూరు తీసుకెళితే అప్పటికే ఆలస్యమైందన్నారు. ఆ కాయల డబ్బు చేతిలో ఉంటే ఆమె బతికేదని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోబట్టే ఆ మాట నాలో ఉండిపోయింది. ఆమె పోయిన రోజు ఆధార్ ఫొటోను స్టేటస్‌లో పెట్టి కింద మిస్ యూ వదినా అని రాశాను. సాయంత్రానికి అలవాటుకొద్దీ ఎంతమంది చూశారో చూశాను. ఏ చీరకూ రానంతమంది చూశారు. ఫోన్ మంచం మీదికి విసిరేసి ఏడ్చాను.

ఇప్పుడు అన్నయ్య అడుగుతున్న ఫొటో భూమ్మీద ఎక్కడైనా ఉందంటే కొట్టాయన భార్య ఫోన్‌లోనే ఉండాలి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఇదే నాక్కావాలని నాకు పంపింది గుర్తుంది. ఆ తర్వాత ఆవిడ కొత్త చీరలు వచ్చాయా అని ఎన్నిసార్లు అడిగినా నేను బదులివ్వలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? అయినా వెళ్లాను.

ఆవిడ టీ ఇచ్చింది, కూర్చోబెట్టింది. ఏమ్మా, చీరలు మానేశావా అంది. ఆ ఫొటో వల్ల ఏం జరిగిందో ఆవిడకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వదిన పోయిందని చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫోన్ తీసి వెనక్కి వెనక్కి జరిపింది. పెళ్లిళ్లు, పూజలు, మనవడి పుట్టినరోజులు అన్నీ గడిచాక, ఇదుగో అంది.

ఫొటో ఉంది. మొహం లేదు. చీర మేరకే కత్తిరించి ఉంచుకుంది ఆవిడ. గడ్డం కింది నుంచి నడుము దాకా ఉంది, వెనక ఎర్రగా కాయల కుప్ప, అంచు మీద వదిన చెయ్యి. పూర్తి ఫొటో ఉందేమోనని ఇద్దరం మళ్లీ మొదటి నుంచి వెతికాం. లేదు.

"నాకేం తెలుసు తల్లీ, తెలిస్తే కత్తిరిస్తానా," అంది ఆవిడ. ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఫోన్‌లో పంపడానికి మనసు రాక గురజాల వెళ్లాను. అన్నయ్య మిల్లు గేటు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మొహం లేదన్నయ్యా, ఇదొక్కటే దొరికిందని ఫోన్ చేతికిచ్చాను. ఎందుకు లేదని అడగలేదు.  రెండు వేళ్లతో పెద్దది చేసి చెయ్యి దగ్గర ఆగాడు. చూపుడువేలు మీద ఎప్పటిదో కొడవలి గాటు ఉంది.

"చెయ్యి దానిదే," అన్నాడు. తర్వాత కొంచెం తగ్గించి మొత్తం చూశాడు. "ఈ చీర ఎక్కడిదమ్మాయ్? అది పోయినప్పుడు దాని పెట్టె మొత్తం తీశాను గదా, ఇది కనపడలా. నువ్వు పెట్టావా దానికి?"

అవునంటే నమ్మేవాడు. సంతోషపడేవాడు కూడా. అవునందామనే అనుకున్నాను, కానీ ఆ అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"లేదన్నయ్యా. ఫొటో కోసం భుజాన వేసి తీసేసుకున్నా. ఆ రోజే అమ్మేశా."

అంతలో లారీ ఏదో వచ్చి హారన్ కొట్టింది. అన్నయ్య లేచి గేటు తీసి, లారీ లోపలికి వెళ్లాక మళ్లీ మూసి, వచ్చి కూర్చున్నాడు. నా ఫోన్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"ఎంత మిగిలిందే ఆ చీర మీద?"

"రెండొందలు."

తలాడించి, ఫోన్‌ను చొక్కాకు ఒకసారి తుడిచి నాకిచ్చాడు.

"పోన్లే," అన్నాడు. "ఆ ఏడు మన ఇంట్లో నీకైనా మిగిలింది."