సగం గిన్నె

ముప్పై ఒక్క ఏళ్ళు సరుకు ఓడల మీద వండి, మోకాళ్ళు రెండూ మొరాయించాక ఆయన నేల మీద కాలుపెట్టాడు. రేవు వెనక సందులో చెల్లెలి భోజనశాల ఉంది. అక్కడ పొయ్యి ఆయనకు అప్పజెప్పారు. చెల్లెలు "అన్నయ్యా" అని పిలుస్తుంది. తినడానికొచ్చేవాళ్ళు "సగం గిన్నె" అంటారు. బిరుదు ఊరికే రాలేదు.

ఓడ వంటశాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: గిన్నెను సగానికి మించి నింపరాదు. సముద్రం ఎప్పుడు ఏ పక్కకు ఒరుగుతుందో కెప్టెనుకే తెలియనప్పుడు చేపల కూరకేం తెలుస్తుంది? కుర్రతనంలో ఒక్కసారి నిండా నింపాడు. ఎడమ ముంజేతి మీద అరచేతంత మచ్చ మిగిలింది. దాంతో ఆయన చదువు పూర్తయింది. ఇప్పుడు కదలని నేల మీద, కదలని పొయ్యి మీద కూడా సగమే వండుతాడు. చాలదన్నట్టు గిన్నె చెవుల్ని పొయ్యికి తీగతో కడతాడు. పన్నెండున్నరకల్లా కూర ఖాళీ. ఒంటిగంటకు వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ ఎదురు భోజనశాలకు పోతారు.

"అన్నయ్యా, ఇది ఓడ కాదు. గోడలు చూడు, నిలబడున్నాయా లేదా?"

"ఉన్నాయనుకో."

"అనుకోడమేంటి! నిన్న పదకొండు మంది తినకుండా పోయారు. రేపు నిండా వండితే సరే. లేదా ఇంకెవర్నన్నా పెట్టుకుంటా. నువ్వు గుమ్మంలో కూర్చుని వచ్చేవాళ్ళకి నమస్కారాలు పెట్టుకుందువుగాని."

గరిటె లేకుండా కూర్చోవడం ఆయనకు రాని విద్య. మర్నాడు గిన్నెను అంచుదాకా నింపాడు. నింపి, కాళ్ళు ఎడంగా పెట్టి, మసిగుడ్డలతో రెండు చెవులూ పట్టుకున్నాడు. పొయ్యి ఆర్పాక కూడా వదల్లేదు. మోకాళ్ళు సలుపుతున్నాయి. బయట జనం కంచాలు వాయిస్తున్నారు.

"వదిలెయ్ అన్నయ్యా, వడ్డించాలి. అదెక్కడికీ పారిపోదు."

"నాకు తెలుసే. నా చేతులకి చెప్పు."

ఆలస్యానికి కారణమేమిటో చూద్దామని ఒక బోడితల మనిషి వంటింట్లోకి తొంగిచూశాడు. ఆ పొద్దున్నే రేవులో ఆగిన ఓడ నుంచి వచ్చినవాడు. అతని భాష వీళ్ళకు రాదు, వీళ్ళ భాష అతనికి రాదు. తీగను చూశాడు, ఎడంగా ఉన్న కాళ్ళను చూశాడు. చొక్కా ఎడమ చేతిని పైకి మడిచాడు. అదే చోట, అంతే మచ్చ.

తర్వాత ఒక గుడ్డ తీసుకుని అవతలి చెవి పట్టుకున్నాడు.

ఆయన ముందు ఒక చెయ్యి వదిలాడు. కాసేపాగి రెండోదీ వదిలాడు. మూలనున్న స్టూలు మీద, ఏళ్ళ బరువంతా ఒక్కసారి దించినట్టు, కూలబడ్డాడు. చెల్లెలు గరిటె అందుకుంది. కూర సగానికి దిగేదాకా ఆ పరాయి వంటవాడు చెవి వదల్లేదు. సగానికి దిగగానే, విధి ముగిసిందన్నట్టు చేతులు తుడుచుకుని వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు.

ఒంటిగంట దాటింది. కూర ఇంకా ఉంది. చెల్లెలు స్టూలు మీదున్న అన్నను చాలాసేపు చూసింది. అటక మీదున్న ఇంకో గిన్నె దింపి పక్క పొయ్యి మీద పెట్టింది.

"రేపట్నుంచి రెండు గిన్నెలు. రెండూ సగమే. సరేనా?"

ఆయన తల తిప్పి పక్క పొయ్యి వైపు చూశాడు.

"రెండోదానికి తీగ ఉందా?"