పత్తి దగ్గు

ఆదోనిలో పత్తి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్లు దగ్గును జబ్బనుకోరు. పత్తి దుమ్ము గొంతులో పడుతుంది, దగ్గుతారు, బెల్లంముక్క చప్పరించి మళ్లీ పనిలో వంగుతారు. ఎస్తేరుదీ అదే తీరు. మొగుడు పోయాక ఏళ్ల తరబడి అలా దగ్గుకుంటూనే సంసారం ఈడ్చింది, ఒక్కగానొక్క కూతురు రూపను ఎమ్మిగనూరులో డిగ్రీ చదివించింది.

ఆ పిల్లకు పేగులు మెలిపెట్టినట్టు నొప్పి, విరేచనంలో నెత్తురు. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించారు. పిల్ల పుల్లలా అయిపోయింది. చివరికి కర్నూల్లో ఒక డాక్టరమ్మ పేగులోకి గొట్టం వేసి చూసి అసలు సంగతి చెప్పింది. ఒంటిని కాయాల్సిన కణాలే ఆగకుండా ఒకదానికొకటి కబుర్లు పంపుకుని మంట రేపుతున్నాయట, ఆ మంటకు పేగు లోపలి పొర పుండై ఊడిపోతోందట. కంచే చేను మేస్తే ఎవరికి మొరపెట్టుకోవాలి? మాత్రలకు తగ్గలేదు. ఇక మిగిలింది ఆ కబురును అడ్డుకునే ఇంజెక్షను, అదీ కాదంటే పెద్దపేగు తీసేయడం.

రూపకు టీబీ పరీక్షలు చేశారు, లేదనే వచ్చింది. అయినా డాక్టరమ్మకు అనుమానం తీరలేదు. ఇన్నాళ్లూ వాడిన మాత్రల వల్ల పరీక్ష తప్పు చూపొచ్చంది. టీబీ పురుగును ఒంట్లో కట్టేసి ఉంచేది కూడా ఆ కబురేనని, దాన్ని ఆపితే పురుగు విజృంభిస్తుందని విడమరిచి చెప్పి, ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అని గుచ్చి గుచ్చి అడిగింది.

"మా ఇంట్లో ఎవురికీ లేదు మేడమ్" అంది ఎస్తేరు.

అబద్ధం ఆడలేదు పాపం. పత్తి దగ్గును దగ్గని ఎవరు లెక్కేస్తారు? ఆ గదిలో ఉన్న కాసేపూ ఆ పాడు దగ్గు రానేలేదు.

ఇంజెక్షన్లు పడ్డాక నెత్తురు ఆగింది. రూప జొన్నరొట్టె అడిగి తింది. ఎస్తేరు చర్చిలో మోకాళ్లూని సంతోషంతో ఏడ్చింది. ఆ సంతోషం ఎన్నాళ్లని? జ్వరం, చెమటలు, ఆయాసం మొదలయ్యాయి. చూస్తే టీబీ. తల్లిక్కూడా పరీక్ష చేయించారు. ఎస్తేరు కఫంలో అదే పురుగు కనబడింది.

రూపను ఆస్పత్రిలో చేర్చుకుని ఇంజెక్షను ఆపేశారు. టీబీ అణిగేదాకా మళ్లీ వేయలేమన్నారు. పేగు ఆగుతుందా, నెత్తురు మళ్లీ మొదలైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఎస్తేరును మాత్రం, మందు పట్టేదాకా వార్డులో అడుగు పెట్టొద్దన్నారు. మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. తనవల్లే వచ్చిందని కూతురికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

"లేసేదానికి కాలేదుమా, లోపలికొచ్చి పట్టుకో" అంది రూప.

ఎస్తేరు గుమ్మం దాటలేదు.

"రాగూడదు తల్లీ. పక్కన పండుకోబెట్టుకోని నేనే నీకు అంటిచ్చినా."

రూప తల్లిని చూసింది. మెల్లగా గోడ పట్టుకుని లేచి, ఒక్కతే బాత్‌రూం వైపు నడిచింది.