ఎర్రసిరా పడని కాగితం

నాచారంలో సాయంత్రం గాలి తిరిగితే వీధంతా బిస్కెట్ల వాసన వచ్చేది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆహా అనుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్లు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే కాళ్లు లాగేవి. అది పుట్టే చోటే నేను పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా నిలబడి పనిచేసేదాన్ని.

పెద్ద ఫ్యాక్టరీ ఏం కాదు. రేకుల షెడ్డు, మధ్యలో ఒక బెల్టు, దానికి అటూ ఇటూ ఆడవాళ్లం. బెల్టు మీద వరసగా వచ్చే బిస్కెట్లను పేర్చి, కాగితంలో పెట్టి, అంచులు అతికించడానికి కాలుతూ ఉండే సీలింగ్ మిషన్ కిందికి తోసేవాళ్లం. కూర్చోవడానికి లేదు. కూర్చుంటే చెయ్యి నెమ్మదిస్తుందని మా ఫ్లోర్ ఇంచార్జి సారు నమ్మకం. షెడ్డు మొత్తానికి ఉన్నది ఒక్కటే కుర్చీ. అద్దాల గదిలో రికార్డులు రాసే అమ్మాయిది, గుండ్రంగా తిరిగే నల్ల కుర్చీ. ఆ అమ్మాయికి పెళ్లి కుదిరిందనీ, ఏడాదిలో మానేస్తుందనీ, ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాయగలిగితే మాలో ఒకరికే ఆ పని ఇస్తారనీ తెలిసిన రోజు నుంచీ నా కళ్ల ముందు ఆ కుర్చీ తిరుగుతూనే ఉండేది. నాది తెలుగు మీడియం ఇంటర్. ఇంగ్లీషు చదివితే కొంత అర్థమయ్యేది, రాయబోతే మాత్రం చెయ్యి మొరాయించేది. దేవుణ్ణి వేరే ఏమీ అడగలేదు ఆ ఏడాది. ఆ కుర్చీలో కూర్చుంటే చాలనుకున్నాను.

నేనూ మా అమ్మా అద్దెకుండేది రిటైరైన ఒక టీచరమ్మ ఇంటి వెనక గదిలో. మెదక్ వైపు మిషనరీ బడిలో చదివి, ఎన్నో ఏళ్లు ఎన్నో ఊళ్లలో ఇంగ్లీషు చెప్పి, చివరికి నాచారంలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆమె దగ్గర ఒక ఇనప్పెట్టె నిండా పాత ఇంగ్లీషు కథల పుస్తకాలు ఉండేవి. నా కోరిక విని ఆమె నవ్వలేదు. పెట్టె తెరిచి, పురుగులు తొలిచిన ఒక పుస్తకం తీసి, పద్ధతి చెప్పింది. ఆదివారం ఒక కథ చదవాలి. చదివాక పుస్తకం ఆమెకే ఇచ్చెయ్యాలి. వారం రోజులు కథను మనసులో మొయ్యాలి. శనివారం ఒక్క పేజీలో ఇంగ్లీషులో రాయాలి. మళ్లీ ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చి, తెల్ల చీర మార్చుకోకుండానే, వరండాలో కూర్చుని దిద్దుతుంది.

మొదటి కథ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉత్తరాలు పంచే ముసలాయన ఒకే ఒక్క ఉత్తరం ఇవ్వడానికి గడ్డకట్టిన ఏరు దాటి పోతాడు. పుస్తకంలో మూడు పేజీలు. నేను రాసింది నాలుగు. ఆయన ఏం తిని బయల్దేరాడో, ఇంట్లో వాళ్లు వద్దన్నారో లేదో, కోటు ఏ రంగో అన్నీ రాసేశాను. టీచరమ్మ అద్దాలు తీసి తుడుచుకుంది.

"అసలు కన్నా కొసరే ఎక్కువ పెట్టినవ్ గద బిడ్డా" అంది. తర్వాత ఎర్ర పెన్ను మూత తీసింది. తీసిన మూత మళ్లీ పెట్టేసరికి నా కాగితం కుంకుమ బరిణె బోర్లా పడ్డట్టు అయింది. "ఏది తీసేస్తే కథ కూలుతదో అది ఉంచాలె. కడమది తీసెయ్యాలె. సమ్మరీ అంటే గంతే."

నాకు ముక్కు మీదే కోపం. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు నల్లా దగ్గర ఆమే "బిందె నిండింది, చూస్కో" అంటే పలికాను.

కథను వారం రోజులు మొయ్యడం ఎట్లా అని మొదట్లో భయపడ్డాను. ఆ పని బెల్టు దగ్గర తేలికైంది. చేతుల పని చేతులు చేసుకునేవి. పొద్దుటి ఎండ రేకుల సందుల్లోంచి ఏటవాలుగా దిగేది. పిండి గదిలోంచి తెల్లటి దుమ్ము తేలుతూ వచ్చి ఆ ఎండలో మెల్లగా కిందికి రాలేది. మంచు నేను ఎప్పుడూ చూడలేదు. మంచంటే ఇట్లాగే ఉంటుందని నిశ్చయించుకున్నాను. ఆ దుమ్ములోంచి ఉత్తరాల ముసలాయన సంచి భుజాన వేసుకుని, బెల్టు వెంబడే నడిచి, సీలింగ్ మిషన్ దాటి, ఎటో వెళ్లిపోయేవాడు. ఆయన వెనకే ఇంకో ఆదివారం కథలోని గొడుగుల దుకాణం ఆమె, గడియారాలు బాగుచేసే అన్నదమ్ములు వచ్చేవాళ్లు. మధ్యాహ్నం గంట మోగితే ఉలిక్కిపడి చూసేదాన్ని. అట్టపెట్టెలు నిండి ఉండేవి. ఎప్పుడు నింపానో తెలిసేది కాదు.

ఆ కథల్లోకి నాతోపాటు ఇంకో మనిషి కూడా వచ్చేది. బెల్టుకు అవతల, సరిగ్గా నాకు ఎదురుగా నిలబడే అక్క. భువనగిరి పక్క నుంచి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. చదువు లేదు. రాసేముందు నోటితో చెప్పుకుంటే బాగుంటుందని ఒకరోజు ఆమెకు కథ చెప్పడం మొదలుపెట్టాను. ఇక సోమవారం వస్తే చాలు, చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూనే అడిగేది.

"ఈ వారం ఏం కథనే పిల్లా?"

ఊరికే వినే మనిషి కాదు. "మంచుల నడిచిండంటివి, మరి కాళ్లకు ఏమేస్కున్నడు?" "గామె గొడుగులు అమ్మకపోతే పిల్లలకు బువ్వెట్ల పెట్టింది?" అని నిలదీసేది. నేను పుస్తకంలో లేదంటే, "లేకుంటే ఆలోచించు, నీకు తెల్వదా ఏంది" అనేది. తనకు సరిపోయేదాకా కథ అయిపోనిచ్చేది కాదు. సరిపోయాక గట్టిగా ఊపిరి తీసుకుని "ఆఁ, ఒడిసింది" అనేది. ఆమె ఒడిసింది అన్న కథే నేను శనివారం రాసేదాన్ని. టీచరమ్మ తప్పులు దిద్దేది, కథ దిద్దింది మాత్రం ఈ అక్క. ఆ మాట అప్పుడు ఆమెతో అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

అట్లా ఏడాది గడిచింది. ఉప్పల్‌లో కొత్తగా కట్టిన స్టేడియం దీపాలు మా డాబా మీంచి కనపడే రోజులు. నా కాగితాల మీద ఎరుపు పలచబడుతూ వచ్చింది. ముప్పై గీతలు పదయ్యాయి, పది నాలుగయ్యాయి. ఒక్క గీత కూడా లేని కాగితం మాత్రం రాలేదు. టీచరమ్మ ఎక్కడో ఒకచోట పట్టుకునేది. అది ఒక్కటి వస్తే కుర్చీ వచ్చినట్టే అని నాలో నేనే పందెం వేసుకున్నాను.

వానాకాలంలో అక్కకు జ్వరం వచ్చింది. పనికి రాకపోతే పేరు కొట్టేస్తారని వచ్చింది. నిలబడింది గానీ, ఆ రోజు కథ అడగలేదు. పది గంటలకు సారు అటుగా వస్తే, "సార్, జర సేపు కూసుంటా, కండ్లు తిరుగుతున్నయ్" అంది. ఆయన గడియారం చూపించి వెళ్లిపోయాడు. పదకొండు దాటాక మళ్లీ అడిగింది. "లంచ్‌ల కూసుందువు తియ్యమ్మా" అన్నాడు. రెండుసార్లూ నేను విన్నాను. ఎదురుగా ఉన్నదాన్ని, వినకుండా ఎట్లా ఉంటాను. కాసేపటికి ఆమె ముందుకు తూలింది. పడుతూ పడుతూ ఆసరా కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి సీలింగ్ మిషన్ మీద పడింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మర్నాడు సారు నన్ను అద్దాల గదిలోకి పిలిచాడు. రికార్డులు రాసే అమ్మాయి అప్పటికే మానేసింది. నల్ల కుర్చీ ఖాళీగా ఉంది. "కూసోమ్మా" అన్నాడు. కూర్చున్నాను. ఏడాదిగా కలలో తిరిగిన కుర్చీ నా బరువుకు మెల్లగా కిర్రుమంది. కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో తెలియలేదు.

"నిన్న జరిగింది ఇంగ్లీష్ల రాసియ్యాలె, పైకి పంపుతం. నువ్వు ఎదురుంగనే ఉన్నవ్ గద. పొట్టిగ రాయ్, అవీ ఇవీ వద్దు. ఇది మంచిగొస్తే ఈ సీట్ల నువ్వే కూసుంటవ్" అన్నాడు.

అబద్ధం రాయమని ఆయన అనలేదు. నేనూ రాయలేదు. జ్వరంతో పనికి వచ్చిందని రాశాను. కళ్లు తిరిగి పడిందని, చెయ్యి మిషన్ మీద పడిందని, వెంటనే దవాఖానాకు తీసుకుపోయామని రాశాను. రెండుసార్లు కూర్చుంటానని అడిగిందని మాత్రం రాయలేదు. పొట్టిగా రాయమన్నారు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ కుర్చీ నా కింద ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉంది.

నా నోటుబుక్కులో రాసిన చిత్తుప్రతి ఆ సాయంత్రమే టీచరమ్మకు చూపించాను. ఆమె ఒకసారి చదివింది. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. పెన్ను కాగితం మీద అటు నుంచి ఇటు గాలిలోనే కదిలింది, ఎక్కడా ఆగలేదు. చివర నా పెన్ను తీసుకుని గుడ్ అని రాసింది. "ఒక్క తప్పు లేదు బిడ్డా" అని నా తల మీద చెయ్యి వేసి, డబ్బాలోంచి కేకు ముక్క తీసి ఇచ్చింది. ఆ కేకు తింటూ వరండా మెట్ల మీద కూర్చున్నాను. సన్నటి వాన. నేను మబ్బుల్లో ఉన్నాను. పొద్దున్నే సాఫు రాసి సారు చేతికిచ్చాను.

నాలుగు రోజులకు అక్క పేరు కొట్టేశారు. "జ్వరంతోని వచ్చుడు ఆమె తప్పు. పేపర్ల నువ్వే రాసినవ్ గద" అన్నాడు సారు.

శనివారం షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ పోయాను. బస్ డిపో వెనక సందులో అక్క ఉండేది. ఒకటే గది, ఒక మంచం, ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ముఖం వెలిగింది. రెండో చేత్తో కుర్చీ చూపించి "కూసో" అంది. వద్దక్కా, తొందరగా పోవాలన్నాను. గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"నా కథ ఇంగ్లీష్ల రాసినవంట గద! అందరు చెప్తున్నరు. ఏదీ, చెప్పు" అంది. ఎప్పటిలాగే చెవి ఇటు వంచింది.

చెప్పాను. ఏం చెయ్యను. రాసింది రాసినట్టు తెలుగులో చెప్పాను. జ్వరంతో వచ్చింది, కళ్లు తిరిగాయి, పడింది, చెయ్యి కాలింది, దవాఖానాకు తీసుకుపోయారు. అక్క కళ్లు మూసుకుని విన్నది. నేను ఆగాను. ఆమె ఒడిసింది అనలేదు. కళ్లు తెరిచి, ఉత్తరాల ముసలాయన గురించి అడిగినట్టే, కోపమేమీ లేకుండా అడిగింది.

"మరి గామె కూసుంటనని అడగలేదా?"

డిపోలోంచి బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి. నేను ఏదో గొణిగి బయటపడ్డాను. ఆటో ఎక్కలేదు. నాచారం దాకా నడిచే వచ్చాను.

ఇంటికి రాగానే మళ్లీ రాశాను. మొదటిసారి ఆమె ఏ మాటలతో అడిగిందో, సారు ఏమన్నాడో, రెండోసారి ఏమన్నాడో రాశాను. పొట్టిగా రాలేదు, రెండు పేజీలైంది. మర్నాడు టీచరమ్మ వరండాలో అది రెండుసార్లు చదివింది. తర్వాత నా నోటుబుక్కు వెనక్కి తిప్పి, మొదటిసారి రాసిన కాగితం తీసి, తను రాసిన గుడ్‌ను తనే ఎర్రసిరాతో కొట్టేసింది. అప్పుడు కొత్త కాగితం దిద్దింది. ఏడు తప్పులు.

"ఇవి దిద్దుకో. ఒక్క మాట గూడ తీసెయ్యకు" అంది.

సోమవారం సారుకు ఇచ్చాను. ఆయన నిలబడే చదివాడు. "పోయినసారే మంచిగ రాసినవ్" అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం పైకి పోయిందో, చెత్తబుట్టలోకి పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. అక్కను మళ్లీ పిలవలేదు. నల్ల కుర్చీలోకి సైనిక్‌పురి నుంచి ఇంగ్లీషు మీడియం అమ్మాయి వచ్చింది. నేను ఇంకో నాలుగేళ్లు ఆ బెల్టు దగ్గరే నిలబడ్డాను. ఎదురుగా కొత్తామె వచ్చింది, కథలంటే చిరాకు పడేది. తర్వాత రాష్ట్రం వచ్చింది, ఉప్పల్ దారిలో మెట్రో స్తంభాలు లేచాయి, ఆ షెడ్డు గోదామైంది. నోటుబుక్కు మాత్రం నా దగ్గరే ఉంది.

ఆ సోమవారం సాయంత్రమే మళ్లీ ఉప్పల్ పోయాను. అక్క గుమ్మంలో నిలబడి రెండో కథ చెప్పాను. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. రెండుసార్లు అడిగిన మాట వచ్చినప్పుడు మాత్రం కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుంది. అంతా అయ్యాక గట్టిగా ఊపిరి తీసుకుంది. ఒడిసింది అంటుందనుకున్నాను.

"మరి కుర్చీ ఎవరికిచ్చిన్రే?" అంది.

ఆ కుర్చీ మీద నా ఆశ సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

"ఇంకెవరికో ఇస్తరట అక్కా" అన్నాను.

అక్క మంచం దిగింది. బాగున్న చేత్తో ఆ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పడేసింది. కుర్చీని నేల మీద ఈడ్చుకుంటూ గుమ్మం దాకా తెచ్చి నా ముందు పెట్టింది.

"పొద్దట్నుంచి నిలబడే ఉన్నవ్ గద, ఇప్పుడన్న కూసో" అంది.