కందిచేలో నేను పుట్టించిన దెయ్యం

నవ్వేవాళ్ళు ముందే సర్దుకుని కూర్చోండి. ఒక్క వీడియోతో ఊరంతటినీ హడలగొట్టి, మా మేనత్త పంటని ఇసకపాలు చెయ్యబోయిన ఘనత నాది. నాకు ముక్కు మీద కోపం, చేతిలో ఫోన్. ఈ రెండూ ఉన్న మనిషికి వేరే శత్రువులు అక్కర్లేదు.

హైదరాబాద్‌లో పెరిగిన నాకు కోనసీమంటే కొబ్బరి, వరి, కాలవ. కొత్తపేట దగ్గర గోదారి మధ్య లంకలో ఇసకనేల ఉంటుందని, అందులో మా సుగుణత్త చుక్క నీరు పెట్టకుండా కంది పండిస్తుందని నిరుడు చలికాలంలో వెళ్ళేదాకా తెలీదు. చిలకలు కాయలు కొట్టేస్తున్నాయి, తోలిరమ్మని మిట్టమధ్యాహ్నం నన్ను పంపింది.

తలకంటే ఎత్తు కంది. ఆకు కదలట్లేదు. మనిషి లేడు, చిలకా లేదు, సిగ్నల్ అసలే లేదు. వెనకనుంచి గలగలమంది, ఎముకలు మూటగట్టి ఎవరో ఊపుతున్నట్టు. తిరిగితే ఆగిపోయింది. నడిస్తే మళ్ళీ. ఇంతలో టప్‌మని మెడ మీద ఏదో తగిలింది.

"ఎవడ్రా అది? దమ్ముంటే ఎదురుగా రా" అన్నాను.

టప్. ఈసారి చెంప మీద.

మీరైతే పరిగెత్తేవారు. నేను వీడియో తీసి, తరవాత పరిగెత్తాను. గట్టెక్కి సిగ్నల్ రాగానే ఊరి గ్రూపులో పెట్టేశాను: "లంక కందిచేలో మనిషి కానిదేదో ఉంది."

సాయంత్రం అత్త ఆ వీడియో చూసి నెత్తి కొట్టుకుంది. "దెయ్యం కాదే, నీ మొహం. కాయలు ఎండిపోయేయి. నువ్వు కొమ్మలకి రాసుకుంటూ నడిస్తే గలగలమన్నాయి, ఎండకి పగిలి గింజలెగిరేయి. ఇంకా ఆగితే గింజంతా ఇసకలో కలిసిపోద్ది. రేపే కోయించాలి."

ఎండలో కోస్తే చేతిలోనే పగిలిపోతాయట. మంచుకి కాయ మెత్తబడి ఉన్నప్పుడే కోసెయ్యాలట. కోతకొచ్చే ఆడవాళ్ళకి పెద్దయిన మరియమ్మగారికి ఫోన్ చేసింది.

"రేపు తెల్లారగట్ల మీవాళ్ళని తీసుకురావాలి మరియమ్మగారూ."

"ఆ మంచులో, ఆ చేలోకాండీ?"

"ఆ వీడియో మా పిచ్చిపిల్ల పెట్టిందండీ."

"ఆయ్, చూసేనండి. ప్రార్థన చేసుకుని మరీ చూసేనండి. మావాళ్ళెవరూ రారండి."

"పోనీ మీరొక్కరైనా..."

"మోకాళ్ళ నొప్పులండి. పొద్దున నొప్పుల్లేవండి, వీడియో చూసేకే మొదలయ్యేయండి."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను పోస్టు పెట్టనేల, కొడవలి పట్టనేల.

తెల్లవారుతుండగా, తల తడవకుండా పాత తెల్లదుప్పట్లు కప్పుకుని నేనూ అత్తా చేలో దిగేం. పొగమంచులో నా చెయ్యి నాకే కనపడలేదు. నిన్న అంత గోల చేసిన చేను ఎవరో గొంతు నొక్కినట్టు మూగబోయింది. దానికే ఎక్కువ భయమేసింది. కొడవలి చప్పుడొక్కటే. కర్... కర్... నా ఎడమపక్కన.

"అత్తా, అటెప్పుడెళ్ళావ్?"

"నేనిక్కడే ఉన్నానే" అంది అత్త, కుడిపక్కనుంచి.

ఎడమపక్క చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"ఎవరండీ?" అన్నాను, జీవితంలో మొదటిసారి అంత మర్యాదగా.

"కబుర్లాపి కొయ్యవే, ఎండొచ్చేస్తది" అంది అత్త.

ఎండొచ్చేసరికి కోత పూర్తయింది. నడుం పట్టుకుని గట్టెక్కితే గ్రూపులో కొత్త వీడియో. ఏటిగట్టు మీద మంచు పల్చగా ఉందేమో, పాలక్యాన్లతో పోతున్న రాంబాబు తీసి, బండి అక్కడే వదిలేసి పారిపోయేడట. మంచులో తెల్లముసుగులు, కొడవళ్ళు. కింద రాసేడు: "దెయ్యాలు నిజమేనండి. మధ్యలోది ఫోన్ చూసుకుంటోంది."

మధ్యలోది నేనే. నవ్వబోయి ఆగిపోయేను. ఇద్దరు మనుషుల్లో మధ్య ఎక్కడిది?

"అత్తా, మూడున్నాయి."

మరియమ్మగారిని అడిగితే "మేం గుమ్మం దాటలేదండి" అంది. అత్త ఫోను చూసింది, చేను చూసింది. ఎడమపక్క కందంతా కోసి, కట్టలు కట్టి, ఒకే ఎత్తున నిలబెట్టి ఉంది. నా కట్టలు తుపానుకి పడ్డ పాకల్లా ఉన్నాయి.

"ఎవరైతేనేం, నీకంటే శుభ్రంగా కోసింది. వచ్చే ఏడూ వస్తే బావుణ్ణు" అంది అత్త.

కాబట్టి గోదారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. లేని దెయ్యాన్ని ఇక జన్మలో వీడియో తియ్యను. ఉన్నది పన్లో ఉంటే అస్సలు తియ్యను. అది అలిగి వెళ్ళిపోతే ఆ వరస కూడా నేనే కొయ్యాలి.